కోడలి కోపం తగ్గాలని

మా అత్తమ్మ పోయి నలభై రోజులు దాటింది. నేనింకా ఆదివారం పొద్దున ఐదింటికే లేస్తున్నాను. లేవాల్సిన పని లేదు. నీళ్లు కాచేది లేదు, ఒళ్లు తుడిచేది లేదు, తెల్ల చీర కుచ్చిళ్లు సర్ది నడుముకు దస్తీ దోపేది లేదు. అయినా ఒళ్లు ఊరుకోదు. లేచి కూర్చుని గోడకున్న క్యాలెండర్లో నిన్నటి కాగితం చింపుతాను. ఇదివరకు ఆ కాగితాలన్నీ అత్తమ్మ దిండు కిందికి పోయేవి. ఇప్పుడు చెత్తబుట్టలోకి పోతున్నాయి.

ఆ కాగితాల సంగతి చెప్పాలి. మా చర్చి వాకిలి పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ఎవరికే కష్టమున్నా చీటీ మీద రాసి అందులో వేస్తే, ప్రసంగం అయ్యాక అయ్యగారు అన్నీ చదివి ప్రార్థన చేస్తారు. పేర్లుండవు. ఫలానా చోటి సహోదరి, ఫలానా చోటి సహోదరుడు, అంతే. అత్తమ్మ శనివారం సాయంత్రమే క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిల్‌తో చీటీలు రాసి పెట్టుకునేది. బోరులో నీళ్లు పడాలని, మా ఆయనకు ప్రమోషన్ రావాలని, పక్కింటి పిల్ల పరీక్ష పాస్ కావాలని, మా ఆడబిడ్డ మోకాళ్ల నొప్పులు పోవాలని. అడిగింది జరిగితే వచ్చే వారం స్తోత్రం చీటీ. మా ఇంట్లో ఫ్రిజ్ రిపేరయినా చర్చి మొత్తానికి తెలిసేది.

నేను కాపురానికి వచ్చిన మొదటి ఏడాది సంగతి. ఒక మధ్యాహ్నం కూరలో ఉప్పు గురించి ఆమె మూడోసారి అనేసరికి నేను చేతిలో గరిటె విసిరాను. ఆమె మీదికి కాదు, సింకులోకే. ఆమె ఒక్క మాటన్నా అనలేదు. అమ్మయ్య అనుకున్నాను. ఆదివారం చర్చిలో అయ్యగారు కళ్లజోడు సవరించుకుని చదివారు: “తిరుమలగిరి సహోదరి ఒకరు తన కోడలి కోపం తగ్గాలని ప్రార్థన కోరుతున్నారు.” తిరుమలగిరి నుంచి వచ్చేవాళ్లలో అప్పుడు కొత్త కోడలున్న ఇల్లు మాదొక్కటే. ముందు బెంచీలవాళ్లు వెనక్కి, పక్క బెంచీలవాళ్లు పక్కకి తిరిగి నన్ను చూశారు. చూసి మరీ ఆమేన్ అన్నారు. అంత గట్టి ఆమేన్ వానల కోసం చేసిన ప్రార్థనకు కూడా నేను వినలేదు.

ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా అడిగాను.

“గంత మందిల నా పరువు తీసుడేంది అత్తమ్మా? నాతోని చెప్పరాదా?”

“నీతోని చెప్తే గరిటె ఇసురుతవ్. దేవునితోని చెప్తే ఇంటడు” అని ఆమె బైబిల్ సంచి జిప్పు మూసుకుంది.

అది మొదలు ముప్పై నాలుగేళ్లు. అయ్యగార్లు మారారు, చర్చికి ఫ్యాన్లు వచ్చాయి, మైకు వచ్చింది, నా జుట్టు నెరిసింది. ఆ చీటీ మాత్రం మారలేదు. కొత్త అయ్యగారికి నా మొహం తెలియకముందే నా కోపం తెలిసేది. కోపం తగ్గిందా అంటే, ప్రతి ఆదివారం మధ్యాహ్నానికి ఇంకాస్త పెరిగేది. ప్రార్థనలన్నిటికీ అందరితో పాటు ఆమేన్ అనేదాన్ని కానీ, ఆ ఒక్కదానికి నోరు బిగబట్టుకుని నేల చూసేదాన్ని. ఒక్కసారి కూడా అనలేదు. అది నా పంతం.

ఆమె చెడ్డది కాదు. ఇద్దరు చిన్నపిల్లలుండగా మొగుడు పోతే, ఆస్పత్రిలో ఆయాగా చేసి వాళ్లను పెంచింది. శుక్రవారం ఉపవాసం తప్పలేదు. ఎవరికి జ్వరమొచ్చిందని తెలిసినా గిన్నెలో జావ పట్టుకుని ఎండలో నడుచుకుంటూ పోయేది. ఎనభై దాటాక కూడా బస్సెక్కి చర్చికి వచ్చేది. చర్చివాళ్లందరికీ ఆమె అమ్మ. నాకొక్కదానికే అత్త.

ఆరేళ్ల కిందట బాత్రూంలో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. “మా ఇల్లు మూడో అంతస్తు గదా వదినా, లిఫ్ట్ లేదు” అంది ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండే ఆడబిడ్డ. అదీ నిజమే. మా ఆయన నా వైపు చూశాడు. ఇంకా సర్వీసుండగానే నేను చేస్తున్న ఉద్యోగం మానేశాను. స్నానం, అన్నం, మందులు, పక్కబట్టలు, మళ్లీ పక్కబట్టలు. ఆదివారమైతే తెల్లవారకముందే మొదలు. వీల్‌చైర్ మడిచి ఆటోలో పెట్టడం, చర్చి మెట్ల దగ్గర ఇద్దరు మగవాళ్ల కోసం ఎదురుచూడటం, కీర్తన మొదలయ్యేసరికి నాకు కూర్చున్నచోటే కునుకు పట్టేది. వెనక బెంచీ ఆవిడ భుజం మీద తట్టి లేపేది.

చివరి రెండేళ్లు ఆమె చేతులు వణికి పెన్సిల్ నిలిచేది కాదు. ఆమె చెప్తే నేను రాసేదాన్ని. అన్నీ అయ్యాక ఆఖర్న “కోడలి కోపం” అనేది, చెప్పేదానికి సిగ్గు లేదు. నా మీది ఫిర్యాదు నా చేత్తో రాసి, నేనే తీసుకుపోయి పెట్టెలో వేసేదాన్ని.

ఆ చివరి శనివారం నాకు బాగా గుర్తు. ఆ వారమంతా ఆమెకు కడుపు బాగాలేదు. నేను వరసగా రెండు గంటలు నిద్రపోయింది లేదు. సాయంత్రం మంచం పక్కన కూర్చుని, ఆమె ఒక్కో మాట వెతుక్కుంటుంటే విసుగొచ్చి, ఆఖరి చీటీ నేనే ముందుగా రాసి మడిచేశాను.

“ఏం రాసినవ్?” అంది.

“వారం వారం రాసేదే.”

“గది గాదు. గీసారి గది గాదు.” కాసేపు ఊపిరి తీసుకుంది. “నా కోడలు అలిసిపోయింది, దానికి జెర విశ్రాంతి ఇయ్యి దేవా అని రాయి.”

నాకు వినపడింది. వినపడలేదని చెప్పుకోవడానికి లేదు. కానీ నాకు తోచిందేమిటంటే, ఇన్నాళ్లూ కోపిష్ఠిదాన్ని, రేపటినుంచి అత్తకు చేయలేక అలసిపోయినదాన్ని కూడా అవుతానని. దానికి తోడు లేచి ఇంకో కాగితం చింపే ఓపిక కూడా లేదు.

“మడిచిపెట్టిన అత్తమ్మా, గిదే ఉండనీ” అన్నాను.

మర్నాడు అయ్యగారు అలవాటుగా చదివారు. అలవాటుగా అందరూ నన్ను చూశారు. ఆమేన్ ఇంకా పూర్తి కాకముందే వీల్‌చైర్‌లోంచి ఆమె గొంతు లేచింది.

“గది గాదు! నేను చెప్పింది గది గాదు!”

అయ్యగారు జాలిగా నవ్వారు. బెంచీలవాళ్లు కూడా నవ్వారు. తొంభై దాటిన మనిషి, మతి తప్పిందనుకున్నారు. నేనైనా లేచి, ఆమె మతి బాగానే ఉంది, తప్పు నాదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి “ఊకో అత్తమ్మా” అన్నాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఊరుకుంది. గురువారం పోయింది.

జ్ఞాపకార్థ కూడికలో ఒకరి తర్వాత ఒకరు లేచి ఆమె గురించి సాక్ష్యం చెప్పారు. ఒక పెద్దావిడ నా చేతులు పట్టుకుని, “మీ అత్త ప్రార్థనలు ఊకెనే పోలేదమ్మా, నీ కోపం పోయింది” అంది. కోపం పోలేదు. కోప్పడే ఓపిక పోయింది. ఆ తేడా తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె నోరు నేనే మూయించాను. నాకు ఏడుపొచ్చింది. అందరూ అత్త కోసమనుకున్నారు.

మొన్న శనివారం క్యాలెండర్ కాగితం చింపి చెత్తబుట్ట దాకా పోయి ఆగాను. వెనక్కొచ్చి ఆమె పెన్సిల్ వెతికి, ఆమె చెప్పిన మాటే రాశాను. ఒక్క అక్షరం కలపలేదు. కింద “తిరుమలగిరి సహోదరి” అని పెట్టాను. పోయినవాళ్ల పేరు మీద చీటీ వేయవచ్చో లేదో ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారు.

ఆదివారం అయ్యగారు ఎవరి ఆపరేషన్ చీటీయో చదివి, దీన్ని విప్పారు. “తిరుమలగిరి సహోదరి ఒకరు రాశారు. నా కోడలు అలిసిపోయింది, దానికి జెర విశ్రాంతి ఇయ్యి దేవా.” నా వైపు ఎవరూ చూడలేదు. అత్తలేని కోడల్ని ఎందుకు చూస్తారు? తిరుమలగిరి అత్తలు ఇంకా ఇద్దరున్నారు, వాళ్లను చూశారు. ప్రార్థన అయింది. ఆమేన్ అన్నారు, మామూలుగానే.

నేనూ అన్నాను. అందరిదీ అయిపోయాక, ఒక్కదాన్నే, ఎంత గట్టిగా అన్నానో నాకే తెలియదు. బెంచీలన్నీ నా వైపు తిరిగాయి.