అవ్వ చేతి మీద వేసిన నింద

తొమ్మిదేళ్ళు ఒక మాటను లోపల మోశాను. ఎక్కడా దించలేదు. నా భర్తకు చెప్పలేదు, అమ్మ బతికున్నన్నాళ్ళూ అమ్మకు చెప్పలేదు, రోజంతా నా పక్కనే ఉండే అసిస్టెంటుకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పడం సులువు. వినండి. మధ్యలో జాలి మాత్రం పడొద్దు. ఎవరైనా జాలి పడితే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. మైలాపూరులో రైలు స్టేషన్ దిగి నాలుగడుగులు వేస్తే నా క్లినిక్. తాతల కాలం నుంచి మాది ఈ ఊరే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నా పనిలో నేను గట్టిదాన్ని. గొప్పలకు పోయి అంటున్న మాట కాదు, ఉన్న మాట. భుజం పట్టుకుంటే ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులయిందో నా వేళ్ళకు తెలిసిపోతుంది. ఇప్పుడు నిజంగానే తెలుస్తుంది. అప్పుడు, తెలుస్తుందని అనుకునేదాన్ని. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాకు ఒక పిల్ల భుజం బలయింది.

ఆ పిల్లను రేవతి అందాం. పేరు అది కాదు. అప్పుడు పదహారేళ్ళు. తిరువొత్తియూరు నుంచి రెండు రైళ్ళు మారి నా దగ్గరికి వచ్చేది. తండ్రిది ఫ్యాక్టరీలో షిఫ్టు పని. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వే పెంచింది. తండ్రి తల్లి ఆమె. వాళ్ళూ మాలాగే ఎప్పుడో వచ్చి ఇక్కడ పాతుకుపోయిన తెలుగువాళ్ళే. రేవతి వాలీబాల్ ఆడేది. ఎగిరి బంతిని కొడితే అవతలివాళ్ళు తల వంచుకోవలసిందే, అంత చెయ్యి. మూడు వారాల్లో రాష్ట్ర జట్టుకు ఎంపికలు. భుజం నొప్పి అని కోచ్ నా దగ్గరికి పంపాడు.

భుజం సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. చిన్న మూకుడు మీద పెద్ద నిమ్మకాయ ఆనించినట్టుంటుంది ఆ కీలు. అందుకే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, అందుకే ఇట్టే తప్పుకుంటుంది కూడా. బంతిని కొట్టే పిల్లలకు నొప్పి చాలాసార్లు రెండు రకాలుగా వస్తుంది. కొందరికి కీలు వెనక భాగం బిగుసుకుంటుంది, వాళ్ళకు సాగదీయాలి. కొందరికి ముందు భాగం వదులవుతుంది, వాళ్ళకు సాగదీయనే కూడదు, చుట్టూ ఉన్న కండను గట్టిపరచాలి. పిల్లలు మాత్రం రెంటినీ నొప్పి అనే అంటారు. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. పడుకోబెట్టి, చెయ్యి పక్కకు ఎత్తి, మెల్లగా వెనక్కి తిప్పుతూ పిల్ల మొహం చూడాలి. వదులు కీలు ఉన్న పిల్లకు నొప్పి కంటే ముందు భయం వస్తుంది. నిమిషం పని.

ఆ నిమిషం నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? రద్దీ అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ రోజు బయట ఇద్దరే కూర్చున్నారు. అంతకు ముందు వచ్చిన వాలీబాల్ పిల్లలందరివీ బిగిసిన భుజాలే, కాబట్టి ఇదీ అదే అని చూడకముందే తేల్చేశాను. పొగరు. దానికి ఇంకో పేరు లేదు.

రేవతి నాకు చెప్పింది కూడా. "మేడమ్, కొట్టేటప్పుడు చెయ్యి పోతాది," అంది. మన తెలుగులో పోనిది ఏముంది చెప్పండి? కరెంటు పోతుంది, పరువు పోతుంది, బిందె మోస్తే మా అమ్మకు రోజూ చెయ్యి పోయేది. గారాలు పోతోందనుకున్నాను. "ఏమీ పోదులే, రాష్ట్రానికి ఆడాల్సిన పిల్లవి," అని నవ్వేశాను. ఆ పిల్ల ఉన్నదున్నట్టే చెప్పింది. చెయ్యి నిజంగానే ఉన్నచోటు నుంచి పక్కకు పోయి వస్తోంది. ఎక్కడికి పోతుందే అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. నాకు తెలుగు రాదా? బాగా వచ్చు. వినడమే రాలేదు.

మూడోసారి వచ్చినప్పుడు గట్టిగా సాగదీశాను. నా అరచేతి కింద ఎముక ముందుకు జరిగి, టక్కున వెనక్కి వచ్చి కూర్చుంది. పిల్ల కెవ్వుమంది. ఆ క్షణాన నాకు తెలిసిపోయింది. అనుమానం కాదు, తెలిసిపోయింది. అప్పుడైనా ఆపాను, ఆట మానేయమని చెప్పాను, చెయ్యి కట్టి డాక్టరు దగ్గరికి పంపాను అని రాయగలిగితే ఎంత బాగుండేది! "బిగువు విడిచిందిలే, మంచిదే," అన్నాను. కార్డు మీద 'మెరుగు' అని రాశాను. అప్పటిదాకా తప్పు నా తెలివిది. అక్కడి నుంచి నాది.

రెండు రోజులకు ప్రాక్టీసులో ఎగిరి కొట్టినప్పుడు భుజం పూర్తిగా తప్పుకుంది. ఆసుపత్రిలో కీలు కూర్చోబెట్టి స్కాన్ తీశారు. ఎముకను పట్టి ఉంచే మెత్తటి అంచు చిరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు. ఆ మర్నాడు తండ్రి స్కాన్ కవరు పట్టుకుని నా క్లినిక్‌కు వచ్చాడు. వెనకే అవ్వ.

అవ్వ గురించి అప్పటికే నాకు తెలుసు. బెణుకును ఇక్కడ మనవాళ్ళం కూడా సుళుక్కు అనే అంటాం. వాళ్ళ పక్కనున్న జాలరుల పేటలో ఎవరికి సుళుక్కు పట్టినా ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. నూనె రాసి, వేళ్ళతో తడిమి, తీసేది. నాకు అలాంటివాళ్ళంటే చిన్నచూపు. చదువుకున్నాను కదా.

"బాగయితా ఉండాదని అంటిరే మేడమ్," అన్నాడు తండ్రి. "ఎట్ల ఇట్లయింది?"

అడిగినవాడికి జవాబు చెప్పాలి. నా నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. ఎప్పుడు సిద్ధం చేసుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఇంట్లో ఎవరైనా చెయ్యి లాగారా? సుళుక్కు తీశారా?"

తండ్రి తల్లి వైపు తిరిగాడు.

"నేను లాగలా తల్లీ," అంది అవ్వ. "నూనె పూస్తిని, అంతే. కీలు వదులుగా ఉండాది, లాగకూడదు, గుడ్డ కట్టుకోమే అని పాపకు చెప్తిని."

వినండి. వదులుగా ఉంది అంది. లాగకూడదు అంది. ఏ మిషనూ లేకుండా, వంటింట్లో కూర్చుని, నూనె చేతితో ఆమె కనిపెట్టింది. డిగ్రీ గోడకు తగిలించుకున్న నేను కనిపెట్టలేదు. ఆ మాట నా చెవిన పడగానే సిగ్గుతో చావాలి. నేనేం చేశానో తెలుసా?

"పూసినా రుద్దినా ఒకటే అవ్వా. మీకు తెలియకుండానే లాగి ఉంటారు. లోపల ఎట్లా చిరిగిందో చూడండి," అని స్కాన్ వెలుతురుకు ఎత్తి చూపించాను.

అవ్వ స్కాన్ చూడలేదు. తన చేతులు చూసుకుంది. "లాగి ఉంటానా? ఏమో తల్లీ. సదువుకున్న బిడ్డవి, నువ్వు చెప్తే అదే సరి."

"ఎన్ని తూర్లు చెప్పినా నీకు!" అని తండ్రి నా ముందే ఆమె మీద అరిచాడు. "ఇంక ఎవురి చెయ్యీ ముట్టుకోబాకు. పాప చెయ్యి అసలుకే ముట్టుకోబాకు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేను వాడికంటే తెలివైనదాన్ని. నా భుజం తడుముకోలేదు, ముసలామె చేతులు చూపించాను. వాళ్ళు వెళ్ళాక పాత కార్డు చించేసి కొత్తది రాశాను. 'ఇంట్లో నాటు మర్దన జరిగింది' అని. ఆసుపత్రికి ఆ కాగితమే పంపాను.

తర్వాత రేవతికి వ్యాయామాలన్నీ నేనే చేయించాను. ఆపరేషన్ అయ్యాక నెలల తరబడి, రబ్బరు బ్యాండుతో మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టూ ఎక్కించాను. చాలా బాగా చేయించాను. ఇది కూడా ఉన్న మాటే. చెయ్యి పైకి లేచింది, బరువు ఎత్తింది. బంతిని కొట్టే ఆ దెబ్బ మాత్రం తిరిగి రాలేదు. ఎంపికలు పోయాయి, రాష్ట్ర జట్టు పోయింది. ఇప్పుడు ఒక స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పిస్తోంది. నేనంటే ప్రాణం. అందరి ముందూ, నా చెయ్యి నిలబెట్టింది మేడమే అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను నవ్వేదాన్ని. ఎలా నవ్వగలిగాను? అభ్యాసం. కండరానికైనా, మొహానికైనా అదే సూత్రం.

ఎదురింటివాళ్ళ బిడ్డ మోచెయ్యి పట్టేసినా అవ్వ లేవలేదని, ఎవరొచ్చినా నాకు తెలీదు పొమ్మంటోందని రేవతే ఒకసారి చెప్పింది. మంచిదే కదా మేడమ్ అంది. మంచిదే అన్నాను.

పోయిన నెలలో రేవతి తన స్కూలు పిల్లనొకదాన్ని నా దగ్గరికి పంపింది. ఈత కొట్టే పిల్ల, భుజం నొప్పి. ఇంట్లో ఎవరికైనా చూపించావా అని అడిగాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, ముసలివాళ్ళ చేతికి భుజం ఇవ్వకూడదని మా పీటీ మేడమ్ చెప్పారు, వాళ్ళ అవ్వ ముట్టుకోవడం వల్లే మేడమ్ ఆట పోయిందట, ఏటా అందరికీ చెప్తారు అంది. ఏటా! నేను ఒక గదిలో, ఇద్దరి ముందు ఆడిన అబద్ధం. అది పాఠమయి కూర్చుంది. నేను చచ్చిపోయినా అది బతికే ఉంటుంది.

ఆ పిల్లకు పరీక్ష పూర్తిగా చేశాను, మొహం చూస్తూ. పంపించి, తలుపు వేసుకుని, కాగితం తీశాను. ఉత్తరం రాద్దామనుకున్నాను. తెలుగులో మొదలుపెట్టాను కూడా. వాళ్ళింట్లో తెలుగు మాట్లాడతారే గానీ ఒక్కరికీ చదవడం రాదని రెండో వాక్యం దగ్గర గుర్తొచ్చింది. నాకే నవ్వొచ్చింది. చూశారా, ఒప్పుకునేటప్పుడు కూడా ఎవరికీ అర్థం కాని దారే వెతుక్కున్నాను! కాగితం పక్కన పెట్టి ఆదివారం పొద్దున రైలెక్కాను.

అవ్వ కరివేపాకు దూస్తోంది. ఎదురుగా కింద కూర్చున్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. భుజం చెడగొట్టింది నేను, కాగితం మార్చింది నేను, మీరు చెప్పిందే నిజం అని. ఆమె చేతులు ఆగిపోయాయి. నా మొహం చూడలేదు. ఇదంతా నీకు ఆ పొద్దే తెలుసునా అని మాత్రం అడిగింది. తెలుసు అన్నాను. వాడు షిఫ్టు దిగి వస్తాడు, ఉండు, వాడి ముందర ఇంకోతూరి చెప్పు అంది. ఉన్నాను. మూడు గంటలు. తండ్రి వచ్చాడు, రేవతీ వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. రెండోసారి ఇంకా కష్టమయింది.

తండ్రి తల్లి పక్కన కూలబడిపోయాడు. రేవతి నా వైపు చూసి, మీరు పోండి మేడమ్ అంది. ఎప్పుడూ నన్ను అలా అనలేదు. లేచాను. ఎవరూ పరవాలేదు అనలేదు. క్షమించమని నేనూ అడగలేదు. అడిగితే అది ఇంకో దొంగతనం అవుతుంది.

గడప బయట చెప్పులేసుకుంటున్నాను. లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"చెయ్యి ఇట్ల ఈయే పాపా. చూస్తా."