కింది మెట్టు మీద మా మేనత్త

టైల్స్ దుకాణంలో మా మేనత్త రంగు చూసేది కాదు. మెట్ల అంచుకు వేసే స్టీలు పట్టీ ఏది చూపించినా, దాని మీద తన కొంగు పెట్టి లాగేది. పోగు చిక్కిందా, ఆ పట్టీ పని అయిపోయినట్టే.

"గృహప్రవేశానికి అందరు పట్టుచీరలు కట్టుకొని వస్తరు. ఒక్క పోగు లేసినా నా ఇజ్జత్ పోతది," అనేది.

సూర్యాపేటలో ఆమె కొంగును గెలిచిన పట్టీ లేదు. నన్ను వెంటేసుకుని కోదాడ వెళ్లింది. అక్కడి దుకాణదారు చూపించిన మొదటి పట్టీ మీదే కొంగు సాఫీగా జారిపోయింది. "గిదిరా పట్టీ అంటే!" అని సూర్యాపేట దుకాణాలన్నిటినీ అక్కడే తిట్టిపోసింది.

మెట్లకు బిగించాక, మేస్త్రి కింది మెట్టు పట్టీ మీది ప్లాస్టిక్ పొరను సర్రున లాగేశాడు. గీతలు పడకుండా కంపెనీవాళ్లు అంటించే పొర అది. అత్త మళ్లీ కొంగు పెట్టి లాగింది. చిక్కింది. కోదాడ దాకా పోయి మేము పరీక్షించింది ఆ పొరనే.

"ఆగు! మిగత మెట్ల పొరలు ముట్టినవంటే సూడు!" అని మేస్త్రి మీద అరిచింది.

గృహప్రవేశం నాడు భోజనాలు మేడ మీద. అత్త కింది మెట్టు మీద, పట్టీని కప్పేలా తన చీర పరుచుకుని కూర్చుంది. చెయ్యందించి ఒక్కొక్కరినీ నేరుగా రెండో మెట్టు ఎక్కించింది. "ఎంత మర్యాద!" అని చుట్టాలంతా మెచ్చుకున్నారు. పట్టుచీరలన్నీ క్షేమంగా పైకి వెళ్లాయి.

అందరూ వెళ్లిపోయాక నన్ను సైగ చేసి పిలిచింది. లేవలేకపోతోంది. ఆమె చీర అంచు పట్టీకి గట్టిగా చిక్కుకుంది.

"జర మెల్లగ తియ్యిరా," అంది. "ఎవ్వలకు చెప్పకు."