ఇమాం హుస్సేన్ కొన్న గుండ్లు

మార్టూరు దాటాక అద్దంకి రోడ్డు పక్కన ఉన్న కోల్డ్ స్టోరేజీలో ఇమాం హుస్సేన్ హమాలీ. మిర్చి బస్తాని అక్కడ టిక్కీ అంటారు. ఇద్దరు మనుషులు టిక్కీని చెరో కొసా పట్టుకుని ఎత్తి, వంగి నిలబడ్డ మూడో మనిషి మెడ మీద పెడతారు. ఆ మూడో మనిషి ఎప్పుడూ మన హుస్సేనే. పాతికేళ్ళు మోశాడు. వీడి మెడంత గట్టి మెడ హమాలీల ముఠాలోనే లేదని పేరు, ఆ పేరంటే మనిషికి మహా మురిపెం. నిరుడు వానల్లో లారీలోకి ఎక్కే బల్ల మీద కాలు జారి కుడి భుజం మీద పడ్డాడు. అప్పట్నుంచి చెయ్యి పైకి లేవడం లేదు.

ముఠా మేస్త్రి బాపయ్య చెడ్డవాడేం కాదు. ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, ఉన్నమాట చెప్పేశాడు.

"ఒరేయ్ హుస్సేనూ, కొత్త మిరపకాయ దిగేదాకా నీ చోటు అట్టాగే ఉంచుతా. ఆ తర్వాత నావల్ల కాదురా. మనిషి లేకుండా పని నడవదు గదా."

హుస్సేను తలూపాడు గానీ ఆ పూట అన్నం సయించలేదు. ఆ ముఠా తప్ప అతనికి వేరే లోకం తెలియదు మరి.

అద్దంకిలో కసరత్తులు చేయించి కీళ్ళు బాగుచేసే డాక్టరమ్మ ఫెబా. అతని కూతురంత ఉంటుంది. కొన్నాళ్ళు చెయ్యి అటూ ఇటూ ఆడించి చూసి, "బాబాయ్, ఇక కెటిల్‌బెల్ మొదలుపెడదాం. నాలుగు కేజీలది కొనుక్కోండి. అంతకు మించి వద్దు" అంది.

ఆ మాట ఇంటికొచ్చి చెబితే భార్య సిద్దికా ఆశ్చర్యపోయింది.

"టీ కెటిలా? చెయ్యి బాగవడానికా?"

"టీది కాదే. ఇనుప గుండంట. పైన పిడి ఉంటుందంట."

నాగేంద్రబాబు ఆటసామాన్ల కొట్లో అవి వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన ఒక్కోదాన్నీ తట్టి చూపించాడు. "ఇది పోత ఇనుము, మొరటుది, చచ్చినా పాడవదు. దీనికి పైన ప్లాస్టిక్ తొడుగు, కింద పడ్డా గచ్చు పగలదు. ఇది బిళ్ళలు వేసీ తీసీ బరువు మార్చుకునేది. ఇదేమో పోటీల రకం, స్టీలు. దీంట్లో ఎంత బరువైనా సైజు మాత్రం ఒకటే."

నాలుగు కేజీలది తొడుగు రకంలోనే ఉంది. అదీ గులాబీ రంగులో, దబ్బకాయంత. హుస్సేనుకి ఒళ్ళు మండింది. నిండు టిక్కీలు మోసిన మనిషి ఇది పట్టుకుని వీధిలో నడిస్తే పరువుంటుందా? పోటీల రకంలో అన్నిటికన్నా తేలికది ఎనిమిది కేజీలు. చూడ్డానికి మాత్రం ఇరవైనాలుగు కేజీల దానంత ఉంది. అసలు బరువు ఎవడికి తెలిసి చావాలి? అదే తెచ్చేసుకున్నాడు. మగాళ్ళ బుద్ధి, ఏం చేస్తాం!

గుండుని వాకిట్లో దించి, అలవాటు కొద్దీ దాని పక్కనే వంగి, మెడ ముందుకి చాచి నిలబడ్డాడు.

"సిద్దికా, ఓ చెయ్యెయ్యి."

చేటలో మిరపకాయలకి తొడిమలు తీస్తున్న సిద్దికా తలెత్తి చూసింది. కాసేపు అర్థంగాక, తర్వాత పకపకా నవ్వింది. "ఏందయ్యా ఆ వాలకం? దాన్ని నీ మెడ మీద పెట్టాలా? అది మోసేది కాదయ్యా, ఎత్తేది!"

హుస్సేనూ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో ఒక్క బరువూ తను నేల మీంచి ఎత్తలేదు. ఎవరో ఎత్తి పెడితే మోశాడంతే. ఎంత సిగ్గేసిందో! ఆ సిగ్గులోనే రోషంగా పిడి పట్టి లాగాడు. భుజం కలుక్కుమంది. అక్కడే కూలబడిపోయాడు.

"నా చోటు పోయినట్టేనే" అన్నాడు, కళ్ళనీళ్ళు ఆపుకోలేక.

"పోదు. లే ముందు. డాక్టరమ్మ చెప్పిందేంది, నువ్వు చేసిందేంది? ఇటియ్యి, నేను మార్చుకొస్తా."

సిద్దికా కొట్టుకెళ్ళి గులాబీ రంగు గుండు తీసుకుని, దాచకుండా చేత్తో పట్టుకునే వీధంతా నడిచొచ్చింది. మర్నాడు ఫెబా బాగా కేకలేసి, మళ్ళీ ఓపిగ్గా నేర్పింది. "నడుము వంచొద్దు బాబాయ్. తుంటి వెనక్కి నెట్టండి, పాదాలు నేలకి అదమండి, లేవండి. ఎత్తేది చెయ్యి కాదు, కాళ్ళు."

రోజూ పొద్దున్నే వాకిట్లో అదే పని. ముఠాలోని అంకయ్య అటుగా వెళ్తూ, "ఏరా, దబ్బకాయతో ఆటలా?" అనేవాడు. హుస్సేనుకి చిర్రెత్తేది, అయినా ఆపలేదు. చలి తగ్గేసరికి పోత ఇనుములో పదహారు కేజీలది ఎత్తుతున్నాడు, అదీ డాక్టరమ్మ చెప్పాకే కొన్నాడు. కానీ ఆ సంతోషంలోనే ఆమె అసలు మాట చెప్పింది.

"మెడ మీద మోత మాత్రం ఇక మర్చిపోండి బాబాయ్."

కొత్తకాయ దిగింది. కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు బారులు తీరాయి, ఘాటుకి అందరూ తుమ్ముతున్నారు. హుస్సేనుని చూడగానే బాపయ్య మొహం వెలిగింది.

"వచ్చావా! రా, వంగు."

"వంగను మేస్త్రీ. మెడ మీద బరువు పెట్టొద్దంది డాక్టరమ్మ. ఎత్తడానికి నిలబడతా. చూడు, నచ్చకపోతే పంపించెయ్."

బాపయ్య నొసలు ముడిచాడు. మోసేవాడు ఎత్తేవాడవడం ఆ ముఠాలో ఎన్నడూ లేదు. అయినా కాదనలేక, "అంకయ్యా, నువ్వు వంగరా" అన్నాడు.

హుస్సేను టిక్కీ ఓ కొస పట్టుకుని, తుంటి వెనక్కి నెట్టి, కాళ్ళతో లేచాడు. భుజం కలుక్కుమనలేదు. బస్తా పైకొచ్చింది. మామూలుగా ఎత్తేవాళ్ళు అక్కడే వదిలేస్తారు, అది దభీమని మెడ మీద పడుతుంది. ఆ దెబ్బేంటో హుస్సేనుకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? వదల్లేదు. అవతలి మనిషిని కూడా "ఆగరా" అని, చివరిదాకా పట్టి, మెల్లగా అంకయ్య మెడ మీద వాల్చాడు.

అంకయ్య రెండడుగులు వేసి, బరువుతోనే ఆగి వెనక్కి తిరిగాడు.

"మేస్త్రీ, రేపట్నుంచి నాకు వీడే ఎత్తాలి."

"రేపేందిరా?" అని అరిచాడు బాపయ్య. "ఇవాళ్టి లారీలు ఎవడెత్తుతాడు? ఒరేయ్ హుస్సేనూ, పట్టు రెండోది."