పాప ఏడుపును వీడియో తీసిన రోజు

అంగన్‌వాడీ టీచరుగా అప్పటికి నాకు రెండేళ్లు నిండలేదు. కంచరపాలెంలో, రైలు పట్టాల పక్క సందులో మా సెంటర్. ఆ జూన్‌లో మూడేళ్ల పాప ఒకతి కొత్తగా చేరింది. వాళ్లమ్మ వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ కొట్లో పనిచేసేది. ఆమె పాపను దించి సందు మలుపు తిరిగిందో లేదో, ఆ పిల్ల గుమ్మంలో కూలబడి ఏడుపు అందుకుంది.

"మాయమ్మని పిలండి, నాను బువ్వంతా తినేత్తాను!"

ఎక్కిళ్ల మధ్య కూడా బేరం ఆపలేదు. నాకు ముద్దొచ్చింది. ఫోన్ తీసి వీడియో పట్టాను. మధ్యాహ్నం నవ్వే బొమ్మలు రెండు తగిలించి స్టేటస్‌లో పెట్టాను. తోటి టీచర్లు "భలే ఉంది, పంపవా" అంటే పంపాను కూడా.

మర్నాడు పాపను చంకనేసుకుని తల్లి వచ్చింది. లోపలికి రాలేదు.

"నిన్న కొట్లో అందరూ ఏదో వీడియో సూసి నవ్వుతన్నారండి. ఏటా అని నానూ తొంగి సూసినాను. నా పిల్లే."

"ముద్దుగా ఉందని పెట్టానమ్మా" అన్నాను.

"పిల్లేడిస్తే అట్టుకుంటారని మీ కాడ వదిలీసి ఎల్లినాను. మీరు ఫోన్ అట్టుకున్నారు."

గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. పాపను తీసుకుని ఆమె వెళ్లిపోయింది.

వెంటనే స్టేటస్‌లోంచి వీడియో తీసేశాను. కానీ అది అప్పటికే ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో! పంపిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి చెరిపేయమని బతిమాలాను. "ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా?" అని నవ్వింది ఒకామె.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. తల్లి అప్పుడే పని నుంచి వచ్చింది. "నాది తప్పేనమ్మా" అన్నాను. ఆమె కుర్చీ వేసి టీ పెట్టింది. టీ తాగుతుండగా తనే చెప్పింది.

"దానికి ఎవరిదో ఒకరి సెవి అట్టుకుంటే గాని ఏడుపాగదండి. సేర్పించిన రోజే సెప్పాల్సింది. నాకు కొట్టుకి టైమైపోయి..."

ఆ రోజు నేనూ అడగలేదు. రిజిస్టర్‌లో పాప పేరు రాసుకున్నాను, బరువు చూశాను. అంతే.

మర్నాడు ఆమె పాపను నా చేతికే ఇచ్చింది. జూకాలు తీసి పక్కన పెట్టి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. వారం రోజులు నా చెవి ఎర్రగా కందిపోయింది. ఎనిమిదో రోజు పాప తనే దిగి, వెళ్లి ఇసుకలో కూర్చుంది.

ఆ నెల చుట్టుపక్కల సెంటర్ల టీచర్లంతా కలిసే సెక్టార్ మీటింగ్‌లో లేచి జరిగిందంతా చెప్పాను. కొందరు తలలు దించుకున్నారు. అప్పటి నుంచి కొత్తగా బిడ్డను తెచ్చిన ప్రతి తల్లినీ కూర్చోబెట్టి, ఏడిస్తే ఏం చేస్తే ఊరుకుంటుందో, దేనికి భయపడుతుందో అడుగుతాను. ఆఫీసుకు ఫోటో పంపాల్సి వస్తే ఎందుకో తల్లికి చెప్పి, సరేనన్నాకే తీస్తాను.

ఆ తల్లి పైవాళ్లకు ఫిర్యాదు చేయవచ్చు, పిల్లను ఇంకో సెంటర్‌కు మార్చుకోవచ్చు. అవేవీ చేయకుండా నా ఎదుట నిలబడి నా తప్పు నాకే చెప్పింది. ట్రైనింగుల్లో చాలా నేర్చుకున్నాను గానీ, ఈ పనిలో నాకు మొదటి గురువు ఆమే అనుకుంటాను. ఈ మాట ఆమెతో అంటే "ఊరుకోండి టీచర్ గారూ" అని నవ్వేస్తుంది.