పైల్వాన్‌కు పరేజ్

గోదావరి నీళ్లు తాగి పెరిగినవాణ్ణి, ఆ నీటి మీద ఒట్టు పెట్టి చెబుతున్నాను: ఇందులో అక్షరం కూడా అబద్ధం లేదు. మంచిర్యాలలో నన్ను ఎరిగినవాళ్లు ఈ మాటకు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ పొద్దున మా ఇంట్లో జొన్న రవ్వ గట్క కుతకుత ఉడుకుతుంటే, ఆ వేడి వాసన ముక్కుకు తగలగానే రజియా ఖాలా గుర్తుకొచ్చింది. ఆమె గుర్తుకొచ్చిన రోజు నేను అబద్ధమాడను.

ఖాలా అంటే పిన్ని. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా గోడకు అవతలే ఆమె ఇల్లు, బజారులో గాజుల దుకాణం. ఆ ఇంట్లో అడుగుపెట్టినవాడు తినకుండా బయటపడింది లేదు. "చాలు ఖాలా" అన్న మాట ఆమె చెవికి ఎక్కేదే కాదు. కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషి బగారన్నం, దాల్చా తిని, బెల్టు వదులు చేసుకుని, మీటరు సంగతి మరిచి వెళ్లిపోయాడు. మరునాడు మళ్లీ వచ్చాడు, ఈసారి తమ్ముణ్ణి తోడు తెచ్చుకుని.

అలాంటి ఇంటి పక్కకు నేను ఒక గ్రేట్ డేన్ కుక్కపిల్లను తెచ్చాను. కాగజ్‌నగర్ స్నేహితుడిచ్చాడు. పేరు పైల్వాన్. పిల్లే గానీ పాదాలు ఒక్కొక్కటి సర్వపిండి రొట్టె అంత. నమాజు చేసే ఇల్లు కనుక ఖాలా దాన్ని లోపలికి రానిచ్చేది కాదు. గోడ మీదుగా గిన్నె దించడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. "ఏనుగంత పెరిగే పోరడు. ఏనుగు తిండి తినొద్దా?" అనేది. పాలు, గుడ్లు, మటన్, నెయ్యి రాసిన రొట్టెలు. అవి చాలవన్నట్టు నేను కాల్షియం పొడి కలిపేవాణ్ణి. పొద్దున మెడకు కట్టిన పట్టీ సాయంత్రానికి బిగుసుకునేది. నాలుగో నెలలోనే స్టేషన్ దగ్గర పెళ్లివాళ్లు కొందరు, వరుణ్ణి ఎక్కించడానికి కిరాయి ఎంతని అడిగారు.

ఒకరోజు పైల్వాన్ నడుస్తూ నడుస్తూ వీధి మధ్యలో కూలబడింది. చూస్తే ముందుకాళ్లు విల్లులా వంగి ఉన్నాయి. పశువుల డాక్టరమ్మ ఆ కాళ్లు తడిమి అంది: "పెద్ద జాతి పిల్లలు మెల్లగ పెరగాలె. కాళ్ల బొక్కలు గట్టిపడకముందే మీరు బరువెక్కిచ్చిన్రు. పొడి బంద్ చెయ్యుర్రి. గీ జాతి పిల్లల డాగ్ ఫుడ్ దొరుకుతది, కొలిచి పెట్టుర్రి. తడిమితే పక్కబొక్కలు చేతికి తగలాలె. ఇట్లనే మేపితే పెద్దగైనంక నిలబడది."

కాళ్లు బాగవుతాయో లేదో అన్నది ఒక భయం. ఖాలాకు ఎలా చెప్పాలన్నది ఇంకో భయం. పెట్టవద్దని ఆమెతో అప్పటిదాకా ఎవరూ అని ఉండరు. గోడ దగ్గర నిలబడి చెప్పేశాను. ఆమె చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

"నా చేతి బువ్వ తిని కాళ్లు వంగినయా?"

"నీ ఒక్కదానిదే కాదు ఖాలా, నేను పెట్టింది గూడ."

"ఎంత పెట్టుమన్నది?"

కొలత గ్లాసు చూపించాను.

"గింతనా? గింతయితే నా మనుమడు నవ్వినప్పుడు నోట్లకెళ్లి కింద పడుతది."

గిన్నె వెనక్కి తీసుకుని, "పెట్టుడే ప్రేమ అనుకున్న బేటా. ఆగుడు గూడ ప్రేమనే ఉన్నట్టున్నది" అంది.

మరునాటి నుంచి మా గేటు ముందు కుర్చీ వేసుకుంది. వాడలో ఎవరు రొట్టె ముక్కతో వచ్చినా, "మా పైల్వాన్‌కు పరేజ్ నడుస్తుంది" అని తిప్పి పంపేది. పరేజ్ అంటే పథ్యం. పైల్వాన్ గేటు మీద గడ్డం ఆనించి, పుట్టి బుద్ధెరిగి తిండి చూడనిదానిలా ఆమెకేసి చూసేది. "గట్ల చూడకు బద్మాష్. మీ బాపు దిక్కు చూడు, తిండి తగ్గియ్యాల్సిన పొట్ట ఇంకోటి ఆడున్నది" అని నా పొట్ట చూపించేది.

కాళ్లు మెల్లగా చక్కబడ్డాయి. వానలు పడేనాటికి పైల్వాన్ వీధి చివరిదాకా ఉరికింది. ఖాలా గాజుల చేతులెత్తి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడుకు పట్టాల మీద బొగ్గు రైలు ఆగిందంటే మీరు నమ్మరు కనుక, ఆ సంగతి చెప్పడం లేదు.

పెద్దదయ్యాక రెండు పూటలే తిండి, తిన్నాక పరుగు లేదు. పరుగెత్తితే పొట్ట ఉబ్బి మెలిపడవచ్చని డాక్టరమ్మ హెచ్చరించింది. అందుకని, పైల్వాన్ తిని పడుకున్న వేళ మా వాడలోకి వచ్చిన పెళ్లి బ్యాండును ఖాలా మలుపు దగ్గరే ఆపించింది. వరుడు చప్పుడు చేయకుండా నడిచి వెళ్లాడు.

ముసలితనంలో దాని పళ్లు అరిగాయి, ఆకలి చచ్చింది. అప్పుడు ఖాలా ఉప్పు, ఉల్లిగడ్డ, మసాలా ఏదీ లేకుండా కోడి ఉడికించిన నీళ్లలో జొన్న గట్క జారుగా కలిపి, చల్లార్చి తెచ్చేది. నేను గ్లాసు అందుకోబోతే చేత్తో నెట్టేసింది. "ఇగ కొలతెందుకురా? తిన్నంత తిననియ్యి." ఆ రోజుల్లో ఆమే గేటు దాటి వచ్చి, నేల మీద కూర్చుని చెంచాతో తినిపించేది. అది నాలుగు చెంచాలు తింటే, తన ఇంట్లో దావత్ జరిగినట్టు వాడంతా చెప్పుకునేది.

ఇద్దరూ ఇప్పుడు లేరు. ఎవరికైనా వడ్డించేటప్పుడు నా చెయ్యి గిన్నె మీద ఒక్క క్షణం ఆగుతుంది. ఎదుటివాళ్ల ముఖం చూశాక గానీ కదలదు. నా దగ్గర మిగిలిన ఖాలా ఆస్తి అదే.

ఇక ఒట్టు సంగతి. మీటరు మనిషి తమ్ముడు నిజం, పెళ్లివాళ్లు నిజం, బ్యాండు నిజం. కల్పించింది ఒక్కటే: ఆగడం కూడా ప్రేమేనన్న మాట. ఖాలా అలాంటివి అనే మనిషి కాదు. నేనే అల్లి ఆమె నోట పెట్టాను. ఆ రోజు ఆమె ఇంకేమీ అనలేదు, గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. అయితే పైల్వాన్ కాళ్లు చక్కబడేదాకా తన పళ్లెంలోనూ సగమే వడ్డించుకుందని చాలా ఏళ్లకు ఆమె కోడలు చెప్పింది. ఎందుకని అడిగితే, "గోడ అవతల పోరడు ఆకలితోని ఉండంగ నాకు బువ్వ ఎట్ల దిగుతది?" అన్నదట.

ఇది కల్పించేంత తెలివి నాకు లేదు.