రెండు రోడ్లు కనబడిన రోజులు

మెదక్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో నాకు గర్భసంచి తీసేశారు. నడుము దగ్గర వెన్నులో మత్తుసూది ఇచ్చి, నేను మెలకువగా ఉండగానే పని కానిచ్చారు. డాక్టరు చేతికి వంక పెట్టను. చిక్కంతా ఆయన నోటితోనే.

ఇంటికొచ్చాక తలనొప్పి పట్టుకుంది. పడుకుంటే తగ్గేది, లేచి కూర్చుంటే పగిలిపోయేది. వారం తిరిగేసరికి ఇంకో వింత. వీధిలోకి చూస్తే పాలబండి పక్కపక్కనే రెండు కనబడింది. ఒక కన్ను మూస్తే ఒకటే బండి.

మా అత్తమ్మ దిష్టి తీసింది. మా ఆయన కొత్త కళ్లద్దాలు చేయించాడు. వాటితో రెండు పాలబండ్లూ మరింత స్పష్టంగా కనబడ్డాయి.

సెలవు అయిపోయింది. శంకరంపేట బడికి స్కూటీ మీద వెళ్లేదాన్ని, బస్సెక్కాను. ఎదురుగా రెండు రోడ్లుంటే ఏ రోడ్డున పోను? స్టాఫ్ రూములో ఒక పెద్దసారు, తన ఫోన్లోంచి తల ఎత్తకుండానే తేల్చేశాడు: "ఫోన్ మస్తు చూస్తరు మేడం, గందుకే గిట్ల."

మళ్లీ ఆ డాక్టరు దగ్గరికే పోయాం. అంతా విని డాక్టరు మా ఆయన వైపు తిరిగాడు.

"ఆపరేషన్ కడుపుకు చేసినం, కన్ను ముట్టలే కద. మేడం టెన్షన్ తీసుకుంటుంది. జర మంచిగ చూస్కోండ్రి."

"సార్, కండ్లు నాయి. నాతోని మాట్లాడుండ్రి" అన్నాను.

నవ్వి, నిద్రమాత్రలు రాశాడు. మా ఆయన ఆ చీటీని ప్రసాదంలా అందుకున్నాడు.

పైకి ఎంత మాట్లాడినా లోపల భయమే. మెదడులో గడ్డేమోనని అన్నం సయించలేదు. చివరికి మా చెల్లెలిని వెంటబెట్టుకుని హైదరాబాద్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి పోయాను. తన వేలిని చూడమని పక్కకు జరిపింది. నా కుడి కన్ను సగం దూరం పోయి ఆగిపోయింది.

"ఈమధ్య ఏమన్న ఆపరేషన్ అయిందా? వెన్నుల సూది ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు మేడం."

"తర్వాత కూసుంటే తలనొప్పి లేసిందా?"

ఏడుపొచ్చింది. ఒకరు నన్నే అడిగారు, నా జవాబు కోసం ఆగారు.

స్కాన్ తీయించి, వేరే రోగం లేదని తేలాక విడమరిచి చెప్పింది. సూది గుచ్చిన చోట వెన్నులోని నీరు కారితే మెదడు కొద్దిగా కిందికి దిగుతుందట. అప్పుడు కన్నును బయటికి తిప్పే నరం లాగినట్టయి దెబ్బతింటుందట. చాలా అరుదట. ఎక్కువమందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుందట. అప్పటిదాకా కళ్లద్దాల్లో ఒక అద్దానికి తెల్ల టేపు అంటించుకోమంది.

టేపుతోనే పాఠాలు చెప్పాను. ఎండాకాలం వచ్చేసరికి రెండు బొమ్మలూ ఒకదానిలోకి ఒకటి జరిగి, కలిసిపోయాయి. ఆ మెదక్ డాక్టరుకు సంగతి చెప్పి వద్దామని పోతే, "నేను అప్పుడే చెప్పిన కద, తగ్గుతదని" అన్నాడు.

మొన్న పక్కింటామె తన ఆపరేషన్ ముందు అడిగింది, "సూదికి భయపడాల్నా అక్కా?"

"సూదికెందుకు భయం? చేయించుకో. తర్వాత ఏమన్న తేడా అనిపిస్తే మాత్రం నీ నోటితో నువ్వే చెప్పు. ఇంటోళ్లను చెప్పనియ్యకు" అన్నాను.