తుండేసిన సీట్లు

ముందే చెబుతున్నాను, నా చేతిలో పడితే నిమ్మకాయ గుమ్మడికాయ అవుతుంది. కొంచెం తగ్గించుకొని చదవండి.

ఎనభైలలో తిరుపతిలో నేను కంప్యూటరు చదువు వెలగబెడుతున్న రోజులు. మా మిషను ఏనుగంత, దాని జ్ఞాపకశక్తి చీమ తలకాయంత. నేనూ, చిత్తూరు స్నేహితుడూ కలిసి ఒక ప్రోగ్రాం రాశాం. రెండు ఊర్ల పేర్లిస్తే అది బస్సు దారి వెతికి చెప్పాలి. సోమవారం మదరాసు నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఆయన ముందు నడవకపోతే ఇద్దరికీ ఏడాది పోయినట్టే.

అది నడవడం లేదు. నాయుడుపేట నుంచి కాణిపాకానికి దారి అడిగితే మధ్యలో నిలబడిపోయి, మెమొరీలో చోటు లేదంటుంది. ప్రోగ్రాం వాడి పారేసిన చెత్తను మిషనే ఎత్తేసి చోటు చేసుకుంటుందని మా మాస్టారు చెప్పాడు. మరి ఎత్తదేం?

"ఎత్తను పోతానే ఉండాదప్పా. దానికి చెత్తే దొరకలేదంట," అన్నాడు స్నేహితుడు.

"అది వెతికి వదిలేసిన పనికిరాని దారులు గుట్టలుగా పడుంటే దొరక్కపోయేదేంది? దానికి కండ్లు లేవా?"

నా బుర్రలో ఆ ప్రశ్నకు తప్ప దేనికీ చోటు లేదు.

ఆదివారం చిత్తూరులో మావాడింట్లో తిని పడుకొని, సోమవారం పొద్దున్నే చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సెక్కాం. లోపల నరమానవుడు లేడు. ప్రతి సీటు మీదా కిటికీలోంచి విసిరిన తుండుగుడ్డ మాత్రం ఉంది. ఒకదాన్ని పక్కకు జరపబోయాను.

"యోవ్, తుండు ముట్టొద్దు!" కిందనుంచి కండక్టరు అరిచాడు.

"మనిషి లేడు కదన్నా?"

"తుండుంటే మనిషున్నట్టే. వాడొస్తాడో రాడో నాకేం తెలుసు?"

స్నేహితుడు నా జబ్బ పట్టుకుని ఊపేశాడు. "మనమూ తుండ్లేసి పెట్టినామబ్బా!"

నిజమే. ఎప్పుడైనా పనికొస్తాయని, తప్పిన దారులన్నిటినీ ఒక జాబితాకు తగిలించి దాచాం. దానికి తగులుకున్న దేన్నీ మిషను చెత్త అనుకోదు. మేం మళ్లీ అడుగుతామో లేదో దానికేం తెలుసు!

వెళ్లగానే ఆ దాచే వాక్యం కొట్టేశాం. పరీక్షాధికారి ముందు ప్రోగ్రాం ఆగుతూ ఆగుతూ నడిచి, చివరికి దారి చెప్పింది.

"మధ్యమధ్యలో ఎందుకు ఆగుతోంది?" అన్నాడాయన.

"తుండు లేని సీట్లు ఖాళీ చేస్తా ఉండాది సార్," అన్నాడు మావాడు.

పొద్దున బస్సెక్కేదాకా అయోమయంలో నా మొహం ఎలా ఉందో, ఆయన మొహం అలా అయింది. పాస్ చేశాడు. అర్థమై చేశాడో, కాక చేశాడో నాకిప్పటికీ తెలియదు.

నేను కల్పించింది ఒక్కటే. అన్ని సీట్ల మీదా తుండ్లు లేవు, ఒకటి ఖాళీగా ఉండింది. అందులో మా వాడు కూర్చున్నాడు. వాడి పక్క సీట్లో తుండు కూర్చుంది. నేను తిరుపతిదాకా నిలబడ్డాను.